మీటల కింద వర్ణమాల

తెలుగును తెర మీదికి తెచ్చుకోవడానికి మనమంతా ఒకే దారిన రాలేదు. కొందరం ఆర్టీయస్ పద్ధతిలో రోమను అక్షరాలు పేర్చుకుంటూ వచ్చాం. కొందరం బరహ దింపుకున్నాం. 2006 తరువాత చాలామందిమి లేఖిని పుణ్యమా అని ఒడ్డున పడ్డాం. గౌతమి ఖతిలో ఒత్తులు కుదురుగా ఉన్నాయా, పోతన మేలా వేమన మేలా అని రోజుల తరబడి చర్చించుకున్నాం. కంటికి కనబడే అక్షరం మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్ళం, వేలికి తగిలే మీట గురించి మాత్రం అంతగా ముచ్చటించుకున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. కంప్యూటరుతో పాటు ఏ కీబోర్డు వస్తే దానితోనే సరిపెట్టుకున్నాం. కలం కొనేటప్పుడు పాళీ దగ్గర నుంచి సిరా దాకా ఏరి ఎంచుకునే మనవాళ్ళకి కీబోర్డు దగ్గర ఇంత వైరాగ్యం ఎందుకో!

నాకూ ఆ వైరాగ్యమే ఉండేది. మా నాన్నగారి మూలంగా అది వదిలింది.

నాన్నగారికి డెబ్బై నాలుగేళ్ళు. విజయవాడ గాంధీనగరంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూటులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు, తెలుగు టైపు నేర్పారు. లోయరు, హయ్యరు పరీక్షలకి ఆయన దగ్గర కూర్చున్న పిల్లలు ఎంతమందో ఆయనకే లెక్క తెలియదు. 2009లో గోద్రెజ్ వారు టైపు మిషన్ల తయారీ మానేసేనాటికే మా ఇన్‌స్టిట్యూటులో సగం బల్లలు ఖాళీ. ఆ తరువాత కొద్దికాలానికి అది మూతబడింది. మిషన్లు తూకానికి వెళ్ళిపోయాయి. ఆయన వేళ్ళు మాత్రం ఊరుకోలేదు. కాఫీ తాగుతూ కుర్చీ చేతి మీద, రైలులో కూర్చుంటే మోకాలి మీద ఏదో కొడుతూనే ఉంటాయి.

రెండేళ్ళ క్రితం ఒకనాడు ఆయన ఒక కోరిక కోరారు. "పేర్లు రాయాలిరా. తెలుగులో. నేనే కొట్టాలి" అన్నారు. ఏ పేర్లని నేను అడగలేదు. మా ఇంట్లో "పేర్లు" అంటే ఒకటే అర్థం.

మాది దివిసీమ. నాగాయలంక దాటాక సముద్రం వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన గురించి కృష్ణా జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు. దాదాపు పదివేలమంది పోయారని ప్రభుత్వపు లెక్క. అంతకంటే ఎక్కువేనని సీమవాసుల మాట. ఆ రోజున నాన్నగారు విజయవాడలో ఉన్నారు. ఇరవై ఆరేళ్ళ వయసు, ఒక కార్యాలయంలో రోజుకూలీ మీద టైపిస్టు పని. ఊరు చేరేసరికి ఇల్లు లేదు, నాయనమ్మ లేదు, పెదనాన్నగారి కుటుంబం లేదు. తిరిగి వచ్చాక వారంరోజులపాటు ఆయన చేసిన పని సహాయం కోసం పంపే జాబితాలు టైపు చేయడం. జాబితాలన్నీ ఇంగ్లీషులో. అందులో మా ఊరిది కూడా ఉంది.

టైపు తెలిసినవాడు కనుక ఆయనకి ఆ జాబితాలో ఏం పోయిందో వెంటనే తెలిసింది. ఇంగ్లీషులో రమ అన్నా రామ అన్నా ఒకటే. రమణ ఎవరో రామన్న ఎవరో పక్కింటివాడు చెబితే గాని తెలియదు. ళ పోయి ల అయింది, ణ పోయి న అయింది, దీర్ఘాలు ఎక్కడివక్కడ కుంగిపోయాయి. మనుషులు ఎలాగూ పోయారు, పేర్లయినా సరిగా మిగలలేదే అన్నది నలభై ఏళ్ళకు పైగా ఆయన లోపల మెదులుతున్న మాట. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరుండేవారో పూర్తిగా తెలిసినవారిలో ఇప్పుడు మిగిలింది ఆయనా, మరొక పెద్దాయనా.

నా చేతికి తట్టిన ఉపాయాలన్నీ ముందు చూపించాను. ఫోనులో తెలుగు మాట్లాడితే రాసిపెట్టే సౌకర్యం 2017 నుంచీ ఉంది కదా, అది పెట్టి ఇచ్చాను. ఊరి కాలువ పేరు చెప్పారు, రాసింది. తోట పేరు చెప్పారు, రాసింది. తరువాత నాయనమ్మ పేరు చెప్పడానికి నోరు తెరిచారు. ఫోను కొంతసేపు ఎదురుచూసి ఆగిపోయింది. ఆయన దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసి, "ఇది గొంతుతో అయ్యే పని కాదురా, వేళ్ళతో అయ్యేది" అన్నారు. ఫోను అద్దం మీద వేలికి ఏమీ తగలదు. ల్యాప్‌టాపు మీటలు చూస్తే అటుకుల్లా పలచన. వేళ్ళ కణుపులు బిగుసుకుపోయి, మీట దిగిందో లేదో ఆయనకి తెలియడం లేదు. ఒక్కొక్క అక్షరం మూడేసిసార్లు పడుతోంది. దెబ్బ పడినట్టు చేతికీ చెవికీ చెప్పే కీబోర్డు కావాలి. అలా మొదలయింది నా వెతుకులాట.

ఈనాటి చవక కీబోర్డులలో మీటల కింద ఉండేది ఒక రబ్బరు పొర. దాని మీద గుబ్బలుంటాయి. గుబ్బ అడుగుదాకా అణిగితే గాని అక్షరం పడదు, అణిగిందని తెలియడానికి మెత్తటి బురద తగిలినట్టుంటుంది తప్ప మరేమీ ఉండదు. పాతకాలపు మెకానికల్ కీబోర్డులో అలా కాదు. ఒక్కొక్క మీటకీ దాని స్విచ్చి దానికుంటుంది, దాని స్ప్రింగు దానికుంటుంది.

మొదట నా కన్ను పడింది ఐబీఎం వారి మోడల్ ఎం మీద. 1985లో వచ్చినది. దానిలో మీట నొక్కితే లోపలి స్ప్రింగు ఒక్కసారిగా పక్కకి వంగి, కింద ఉన్న చిన్న సుత్తిని తన్నుతుంది. ఆ చప్పుడూ ఆ తాకిడీ అచ్చం టైపు మిషనుకి దూరపు బంధువుల్లా ఉంటాయి. గవర్నర్‌పేటలో పాత కంప్యూటర్లు విడగొట్టే ఒక దుకాణంలో ఒకటి దొరికింది. బరువు రెండు కిలోలకు పైనే. నాన్నగారు ఒక పేరా కొట్టి చూసి, "మిషను మంచిదే, నా వయసు సరిపోదు" అన్నారు. ఆ స్ప్రింగు గట్టిది. కుర్రచేతులకి ఫరవాలేదు గాని, ఆ కణుపులకి పదినిమిషాలయ్యేసరికి నొప్పి మొదలయింది.

రెండోది అదే దుకాణంలో, అటక మీద, టీవీఎస్ గోల్డ్. ఆ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చెన్నైకి చెందిన ఆ సంస్థవారి డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు గరగరలాడుతూ బిల్లులు కొట్టిన కాలంలో, డీటీపీ సెంటర్లలోనూ లెక్కలు రాసే గదులలోనూ టకటకలాడింది ఈ కీబోర్డే. నాకు దొరికిన పాతదానిలో ఉన్నవి జర్మనీ చెర్రీ కంపెనీ వారి నీలం స్విచ్చులు. నీలం అన్నది లోపలి కాడ రంగు. ఆ రంగును బట్టి గుణం తెలుస్తుంది. మీట మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. అందులో సుమారు సగం దిగగానే వేలికి చిన్న మెట్టు తగిలి, టిక్కుమని మోగుతుంది. అక్షరం పడేది కూడా అక్కడే. అడుగుదాకా గుద్దనక్కరలేదు. ఐబీఎం దానికంటే తేలిక, చప్పుడుకి మాత్రం లోటు లేదు. నాన్నగారు నాలుగు వరుసలు కొట్టి తల ఊపారు. ఆరువందల రూపాయలకి బేరం కుదిరింది.

బేరం కుదిరింది గాని సరుకు మాత్రం దయనీయంగా ఉంది. ఎవరో మహానుభావుడు ఎప్పుడో దాని మీద టీ ఒలకబోసి, ఆరనిచ్చి, వాడుతూ పోయాడు. డి, ఎఫ్ మీటలు పలకడం లేదు. పైన మా డెల్టా ధూళి. వేసవిలో దుమ్ము, వానకాలంలో తేమ, రెండూ కలిసి మీటల మధ్య మట్టి మెత్తినట్టు చేశాయి. స్పేస్ బారు కింది ఉక్కుతీగ తుప్పుపట్టింది.

ముందుగా ఏ మీట ఎక్కడిదో ఫొటో తీసుకుని, అన్నీ ఊడదీశాను. వాటిని దేనితో కడగాలా అని చూస్తూంటే అమ్మ కుంకుడుకాయ పులుసు తెచ్చిపెట్టింది. "నగలే తోముకుంటాం, ఇవెంత" అంది. ఆవిడ మాటే నిజమయింది. గోరువెచ్చటి కుంకుడు పులుసులో రాత్రంతా నానిన మీటలు తెల్లవారేసరికి కొత్తవాటిలా తేలాయి. నీడలోనే ఆరబెట్టాను, ఎండ తగిలితే ఆ రకం ప్లాస్టిక్కు పసుపుబారుతుంది. ఉక్కుతీగని గరుకు కాగితంతో రుద్ది, కొంచెం సిలికాన్ గ్రీజు రాశాను.

చచ్చిన స్విచ్చులకి కొత్తవి కొననక్కరలేకపోయింది. కీబోర్డులో ఎవరూ ముట్టని మీటలు కొన్ని ఉంటాయి కదా. స్క్రోల్ లాక్, పాజ్ మీటల కింద ఉన్న స్విచ్చులు ఏళ్ళ తరబడి పని లేక కొత్తగా కూర్చున్నాయి. ఫోన్లు బాగుచేసే కుర్రవాడొకడు సోల్డరు కరిగించి ఆ రెండింటినీ తీసి డి, ఎఫ్‌ల కింద అతికాడు. కొత్త కంప్యూటరుకి గుండ్రటి పీఎస్ టూ సాకెట్టు లేదు కనుక, మధ్యలో ఒక యూఎస్‌బీ మార్పిడి ముక్క తగిలించాం. దానితో ఇనుము పని, ప్లాస్టిక్కు పని పూర్తయ్యాయి. ఒక ఆదివారం సరిపోయింది.

అసలు పని అప్పుడు మొదలయింది. ఏ మీటకి ఏ అక్షరం?

నేను వాడే ఆర్టీయస్ పద్ధతి ముందు చెప్పి చూశాను. నాకు అది పాతికేళ్ళ నేస్తం. నా తెలుగు రాతలన్నీ దాని భిక్షే. నాన్నగారికి ఇంగ్లీషు టైపు నిద్రలోనూ వచ్చు కనుక అరగంటలో అబ్బుతుంది. ఆయన వినలేదు. "ఆ పేర్లు ఒకసారి ఇంగ్లీషులో కొట్టాను. రెండోసారి కొట్టను" అన్నారు. ఆ తరువాత నేను ఆ ప్రసక్తి తేలేదు.

తెలుగు టైపు మిషను అమరికనే కంప్యూటరులోకి దింపుదామనుకున్నాను. మైక్రోసాఫ్ట్ వారు ఉచితంగా ఇచ్చే ఒక పనిముట్టుతో మనకి నచ్చిన కీబోర్డు అమరిక తయారుచేసుకోవచ్చు. రెండు రాత్రులు కూర్చుని గీశాను. గీస్తూంటే ఒక చిక్కు బయటపడింది. అది మీటల చిక్కు కాదు, భాష చిక్కు.

'స్త్రీ' అన్న మాటని కాగితం మీద ఎలా రాస్తామో గుర్తు చేసుకోండి. చాలామందిమి ముందు 'సీ' రాస్తాం. తరువాత దాని కింద తావత్తు, ఆపైన క్రావడి. చేతికి తోచే వరుస అది. నోటితో పలికేటప్పుడు సకారం, తకారం, రేఫ, చిట్టచివర ఈకారం వస్తాయి. చెవికి తెలిసే వరుస ఇది. టైపు మిషనుకి ధ్వనితో నిమిత్తం లేదు. గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. కాగితం మీద ఏ ముక్క ఎక్కడ పడాలన్నదే దాని లెక్క. యూనికోడు అలా కాదు, చెవి వరుసనే నమ్ముతుంది. గుడిని ఒత్తులకంటే ముందు కొడితే, ఒత్తులు కింద చేరకుండా విడివిడిగా నిలబడిపోతాయి. మిషను మీద కంటితో రాసిన మనిషి కంప్యూటరు మీద చెవితో రాయాలి. డీటీపీ సెంటర్లలో ఆపిల్ అమరికతో ఏళ్ళ తరబడి పుస్తకాలు కూర్చిన వేళ్ళు యూనికోడు దగ్గరికి వచ్చేసరికి తడబడేదీ ఇక్కడేనని నా ఊహ.

ఈ సంగతి నాన్నగారికి వివరించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే చెవి వరుసకే తయారైన అమరిక ఏదైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. ఇన్‌స్క్రిప్టు. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖవారు 1986లో రూపొందించి, 1988లో సవరించారు. 1991లో ఇస్కీతో పాటు అదీ భారతీయ ప్రమాణమయింది. యూనికోడులో తెలుగు అక్షరాల వరుసకి ఆధారం కూడా 1988 నాటి ఇస్కీయే. విండోసులో ఎక్స్‌పీ నాటి నుంచీ ఉన్నది ఇదే. మన కళ్ళ ముందే ఉన్నా మనలో చాలామందిమి అటు వెళ్ళలేదు, రోమను దారి దగ్గరగా ఉంది కనుక.

మర్నాడు పొద్దున్నే ఆయన కీబోర్డు ముందు కూర్చుని, టైపు నేర్చుకునే పిల్లలందరూ మొదటిరోజు కొట్టే పాఠమే కొట్టారు. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. ఎడమచేతి సగానికి తెర మీద హల్లు లేని గుణింతపు గుర్తులు చుక్కల సున్నాలకి వేలాడుతూ వచ్చాయి. కుడిచేతి సగానికి 'చతకరపర' అని పడింది. ఆయన ఫక్కున నవ్వారు. నవ్వు ఆగాక, కళ్ళజోడు సవరించుకుని ఆ మాటనే చూస్తూ ఉండిపోయారు.

"క చ ట త ప అన్నీ ఈ వరుసలోనే ఉన్నాయేంట్రా?"

ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు విశ్రాంతిగా ఆనే వరుసలో ప, ర, క, త, చ, ట. రేఫని పక్కన పెడితే మిగిలినవి పరుషాలు అయిదూను. సరిగ్గా వాటి పై వరుసలో బ, హ, గ, ద, జ, డ. హకారాన్ని పక్కన పెడితే సరళాలు అయిదూను. కకారం మీద గకారం, తకారం మీద దకారం, చకారం మీద జకారం. షిఫ్టు పట్టుకుంటే అవే మీటలు ఒత్తక్షరాలు, ఖ ఘ ఛ ఝ లాంటివి. "సరళాదేశ సంధి అంటే వేలు ఒక మెట్టు పైకి ఎక్కడమన్నమాట" అని ఆయనే సూత్రీకరించారు. పలక మీద దిద్దిన వర్ణమాల ఆయనకి ఆ మీటల కింద కనబడింది. ఆ తరువాత నేను నేర్పవలసినది ఏమీ మిగలలేదు.

ఈ అమరికలో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతివి, హల్లులు చాలావరకు కుడిచేతివి. 'తెలుగు' అని కొట్టి చూడండి. ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. 'స్త్రీ' కూడా అంతే, పొల్లు ఎడమచేతిదే కనుక. మనది అజంత భాష అని బడిలో చదువుకున్నాం. ఆ సంగతి చేతులకి తెలిసేది ఇక్కడ. తబలా మీద చేతులు పడినట్టు, ఒక చేయి హల్లు అందిస్తే మరొక చేయి అచ్చుతో ముగిస్తుంది.

మీటల మీద తెలుగు అక్షరాలు అతికిద్దామని నేను స్టిక్కర్లు తెచ్చాను. ఆయన వాటిని తిరిగి ఇచ్చేశారు. ఇన్‌స్టిట్యూటులో మీటల మీద గుడ్డ కప్పి నేర్పిన మనిషి! ఆయన చేయించుకున్న మార్పు ఒక్కటే. ఎఫ్, జె మీటల మీద ఎలాగూ చిన్న గీతలు ఉంటాయి. డి మీట మీద అమ్మ గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టించుకున్నారు. గట్టిపడ్డాక అది వేలికి తగులుతుంది. డి అంటే పొల్లు. మన పేర్లలో ఒత్తులెక్కువ, ఒత్తు కావాలంటే ముందు పొల్లు కొట్టాలి. 'అమ్మ' అన్న రెండక్షరాలకీ ఆ మీట రెండుసార్లు కావాలి, షిఫ్టుతో అకారం కూడా అక్కడే కనుక. స్క్రోల్ లాక్ కింద పనీపాటా లేకుండా పడి ఉన్న స్విచ్చి మా ఇంట్లో ఇప్పుడు అందరికంటే ఎక్కువ కష్టపడుతోంది.

మూడు నెలల సాధన తరువాత ఆయన పేర్ల దగ్గరికి వచ్చారు. రోజూ తెల్లవారుజామున ఒక ఇల్లు. ఒక్క ఇల్లే. ఊరి పడమటి కొస నుంచి మొదలుపెట్టి వీధి వెంట నడిచినట్టు రాశారు. ఇంటిపేరు, పెద్దల పేర్లు, పిల్లల పేర్లు, ఎవరికి ఎవరు ఏమవుతారో. అనుమానం వస్తే ఆ పెద్దాయనకి ఫోను చేసి, "శకారమా షకారమా" అని అడిగేవారు. పక్కగదిలో పడుకున్న నాకు ఆ టిక్కుటిక్కులు వినబడుతూ ఉండేవి. 'లక్ష్మి' అన్న పేరు రాసేటప్పుడు ఎడమచేయి రెండుసార్లు పొల్లు దగ్గరికి వెళ్ళి వస్తుంది. కొన్నాళ్ళకి ఆ పేరు చప్పుడును బట్టే గుర్తుపట్టేవాణ్ణి. మా ఊళ్ళో ఆ పేరువారు చాలామంది.

మా ఇల్లు ఆయన చిట్టచివరికి ఉంచుకున్నారు. నాయనమ్మ పేరు కొట్టారు. పెదనాన్నగారిది, పెద్దమ్మది, అన్నయ్యలది. ఆ తరువాత చప్పుడు ఆగింది. పెదనాన్నగారికి అప్పటికి పదిహేను రోజుల కూతురు. ఇరవై ఒకటో రోజున బారసాల చేద్దామనుకున్నారట. ఉప్పెన ముందు వచ్చింది. పేరు లేని పిల్లని ఇంగ్లీషు జాబితాలో ఏ గడిలో పెట్టాలో తెలియక ఎవరూ పెట్టలేదు. చాలాసేపటికి మూడే మూడు దెబ్బలు వినిపించాయి. హెచ్, ఇ, హెచ్.

పొద్దున లేచి చూస్తే చివరి వరుసలో 'పాప' అని ఉంది.

ఆ జాబితా ఇప్పుడు పదిహేడు పుటలు. నాలుగు ప్రతులు తీయించి, ఒకటి ఆ పెద్దాయనకి పంపాం, ఒకటి ఊళ్ళో రామాలయంలో ఇచ్చాం. పెద్దాయన రెండు పేర్లలో దీర్ఘాలు దిద్ది పంపారు, నాన్నగారు అవి సరిచేశారు. ఇప్పుడు ఊరి పంటకాలువల పేర్లూ చేల పేర్లూ రాస్తున్నారు.

మీ ఇళ్ళలో టైపు నేర్చిన పెద్దవారు ఎవరైనా ఉంటే, వారి చేతికి ఫోను ఇచ్చే ముందు ఒక పాత మెకానికల్ కీబోర్డు ఇచ్చి చూడండి. పాత కంప్యూటర్ల దుకాణాలలో అడగండి, అటకల మీద వెతకండి. టీ ఒలికిందైనా ఫరవాలేదు. కుంకుడు పులుసు ఉంది, స్క్రోల్ లాక్ ఉంది. ఏ అమరిక అన్నది మాత్రం వారినే ఎంచుకోనివ్వండి.